బాబా తుపాకి, నా ఛుట్టీ

హలో… హా, ఖయ్యూమ్ భాయ్, నేనే. నర్సింగ్‌ను, ముఐథర్‌ల అరబ్బు ఇంటి డ్రైవర్‌ను… సలాం, సలాం.

ఆ, మా సేటు, అదే మా బాబా తుపాకి సంగతే. నీ దుకాణంల కొలతలిచ్చి చేయించుకుంటుండు గద… అదే. తూటా ఎంత లావు, గొట్టం ఎంత పొడుగు, నీకు ఫోన్‌ల చెప్పుమన్నడు… అగో, నన్నే చెప్పుమన్నడు. ఆయనకు ఫోన్ పట్టుకునుడే బరువు. తుపాకి మాత్రం ఏనుగంత గావాలె.

రాస్కుంటున్నవా?… తూటా త్రీ సెవెంటీ ఫైవ్. గొట్టం ఇరువై ఎనిమిది అంగుళాలు.

నవ్వకు భాయ్.

అడవిదున్నలను కొట్టే తూటానా?… మేం పోయేది జింకకు! మరెందుకంటే ఆయన బావమరిది దగ్గర త్రీ థర్టీ ఎయిట్ ఉన్నది, గొట్టం ఇరువై ఆరు. గందుకని ఈయనకు అంతకన్న లావు, అంతకన్న పొడుగు. గంతే. జింకను అడిగినోడు లేడు.

ఆగు, ఆర్డర్ పంపకు!… రాస్కో కని పంపకు. ముందుగాల నా మాటిను.

పోయిన చలికాలం నన్ను ఆఫ్రికా తోలుకపోయిండు. సామాన్లు మొయ్యనీకి, చాయ్ పెట్టనీకి… ఆ, బావమరిది తుపాకే అడుక్కచ్చుకున్నడు. ఒక్కటి పేల్చిండు, భుజం కమిలింది. ఇగ రెండోది నుంచి చూడాలె… ట్రిగ్గర్ మీద వేలు వెట్టంగనే కండ్లు మూస్కుంటుండు. అమ్మతోడు! సూదిమందుకు భయపడే పోరడు లెక్క మొఖం అటు తిప్పుతుండు. తూటా పోయి చెట్టుకు తాకింది. అది గూడ జింక ఎనుకున్న చెట్టు గాదు.

జింకనా?… నిలవడి చూసింది భాయ్, ఎవల్రా వీళ్ళు అన్నట్టు.

గొట్టం సంగతి ఇంకోటి. బండి దిగంగ డోర్‌కు తట్టె, మళ్ల అద్దానికి తట్టె. ఠంగ్ మన్నది. ఉన్న జింకలు గూడ ఉరికినయి… తప్పెవనిది? నాది! బండి కదిలిచ్చిన్నట. ఇంజన్ బందున్నది. నేను బండిల గూడ లేను, పొయ్యి కాడ ఉన్న!

నవ్వుడు గాదు, ఇను. జింక పడితె నర్సింగ్‌కు రెండు నెలల ఛుట్టీ అని మాటిచ్చిండు గద… పడలే. ఛుట్టీ మాఫీ అన్నడు, అరబ్బీల లేదని. మా తమ్ముని పెండ్లి ఫోన్‌ల చూసిన. ఓల్డ్ ఎయిర్‌పోర్ట్ కాడ ట్రాఫిక్‌ల, అక్కడ తలువాలు వోస్తుంటె ఇక్కడ ఎనుకనుంచి హారన్లు… ఏడ్చిన భాయ్. నిజంగ ఏడ్చిన. విజయరాణి ఒక్కతే నిలవడ్డది పెండ్లిల. మీ ఆయన రాలేదా అని అందరు అడుగుతుంటె నా పెండ్లాం ఏం జెప్పాలె? జింక పడలేదని చెప్పాల్నా?

ఈ ఏడు గూడ అదే మాట. కొత్త తుపాకితోని మొదటి జింక పడుడే, నర్సింగ్ ఇంటికి పోవుడే. గందుకే అంటున్న… తుపాకి ఆయనది, ఛుట్టీ నాది.

నువ్వైతె ఏది రాస్తవు?… త్రీ నాట్ ఎయిట్. అంటే మనకాడ పోలీసులు మోసిన త్రీ నాట్ త్రీ అసోంటిదా?… అంతే తన్నుతది, అంతకెక్కువ గాదు. మంచిది. జింకకు సరిపోతదా? కొమ్ములు మెలితిరిగి ఎద్దంత ఉంటది మరి… మస్తుగ. గొట్టం?… ఇరువై రెండు చాలు. దూరం తగ్గదా?… మేం కొట్టేది దగ్గరనుంచేనాయె. మరి నష్టమేంది?… సప్పుడెక్కువైతది?

భాయ్! గా మాట ముందు జెప్పద్దా! మా బాబాకు గావాల్సిందే సప్పుడు.

లే, లే, మనంతట మనం రాస్తె గాదు. నంబర్ గొట్టం మీద చెక్కి ఉంటది గద, దొరికిపోతం ఇద్దరం… ఆగాగు, వస్తుండు. లైన్‌ల ఉండు. నవ్వకు.

ఐవా బాబా! ఖయ్యూమ్, ఖయ్యూమ్… బాబా, గొట్టం తవీల్, సప్పుడు మాఫీ. గొట్టం పొట్టి… బూమ్! వాజిద్ బూమ్, మస్తు బూమ్!

భాయ్, కండ్లు మెరుస్తున్నయి. పొట్టిదే రాయమంటుండు… తూటా గూడ చెప్త, ఉండు.

…అయిపోయింది భాయ్. లావు తూటా గురి లేనోనికి అని చెప్పిన. బావమరిది పేరు నేను తియ్యలే, ఆయనే తీసిండు. ఇప్పుడు పడి పడి నవ్వుతుండు.

రాయి! త్రీ నాట్ ఎయిట్, ఇరువై రెండు. యల్లా, మనసు మారకముందే రాయి… రాసినవా? నీ కడుపు సల్లగుండ!

ఇంతకు ఎప్పుడస్తది? నవంబర్‌లనా?…

ఏంది?

మళ్ల జెప్పు.

ఏడాదిన్నరా!… చేతితోని చేస్తరు, సరే… తుపాకి ఎనుక కట్టె ఆరాలె. కట్టె ఆరేదాంక నేనీడ ఎండాల్నా భాయ్? విజయరాణికి ఏమని చెప్పాలె?…

ఉండు. ఏమన్నవు?… ఎవలో చేయించుకొని వద్దని పోయిండా? ఎందుకు?… పొట్టిగున్నదని దోస్తులు నవ్విండ్లా! త్రీ నాట్ ఎయిట్?… ఇరువై రెండే?… నీ అల్మారల ఉన్నదా! ఇంతసేపు ఏం జేసినవయ్యా?… నేను అడగలేదా!

కట్టె మా బాబా చెయ్యికి కుదురుతదా?… కోస్తవు. కొయ్యి… లైసెన్సు కాగితాలు ఆయన చూస్కుంటడు. కని ఇంకొకడు వద్దన్నదంటె ముట్టడు భాయ్, గదే కష్టం… ఆగు.

బాబా! బందూక్ ఈ డిసెంబర్ మాఫీ. మాఫీ బాబా, ఏడాదిన్నర! బావమరిది డిసెంబర్ ఆఫ్రికా… ఐవా. ఆయన జింక, ఫోటో. మనం మాఫీ.

…చాయ్ గ్లాసు కింద వెట్టిండు. గడ్డం గోక్కుంటుండు. ఆగు… ఐవా బాబా, ఖయ్యూమ్ దుకాణంల ఒకటుంది! సేమ్ సేమ్!

భాయ్, దుకాణం బందువెట్టకు! చెప్పులు గూడ ఏస్కోలే, బండెక్కిండు. నా సీట్ల గూసున్నడు, ఆయనే నడుపుతడట!

విజయరాణికా?… ఇప్పుడే చెప్ప. పోయినసారి చెప్పి, సూట్‌కేసు గూడ సర్దుకున్న. జింక పడనీ, అప్పుడు చెప్త… ఆమె నమ్మదు గూడ.

హారన్ కొడ్తుండు, ఫోన్ వెడుతున్న భాయ్. ఆయన నడుపంగ నేనెన్నడు చూడలే… బండి నడిపేటప్పుడన్న కండ్లు తెరుస్తడంటవా?… ఐవా బాబా! వచ్చిన, వచ్చిన—