పిలిస్తే పలికే పేరు

శుక్రవారం. కువైట్‌లో ఒక ఆసుపత్రి గేటు బయట, బస్‌స్టాపు నీడలో తిరుపాలమ్మ, లింగం. ఫోను స్పీకరులో ఉంది.

"మీ పేరు వద్దమ్మా. ఈ నంబరుకు ఫోన్ చేసినవాళ్ళ పేరు అడగొద్దని మాకు రూలు."

"నా పేరెవురికి కావల్ల తల్లీ! నా తమ్ముని పేరు రాసుకోమంటాండా. పొద్దన్నుంచి అందురికీ అదే మొత్తుకుంటాండా, ఒక్కరూ రాసుకోరే!"

"సరే, సరే. ఏడవకండి. హెల్మెట్ మీద నంబరు చూసే చేశారా?"

"ఔ, నా తమ్ముని హెల్మెట్టు నా ఒళ్ళోనే ఉండాది. నువ్వు తెలుగులో మాట్లాడితివి, నాకు పానం లేచొచ్చె. కువైట్లో యాడుండావు పాపా? నేను జాబ్రియాలో ఇంటిపని చేస్తా. మా మామా, అదే ఆ ఇంటి యజమానురాలు, ఈపొద్దు సెలవిచ్చింది. అడ్రసు చెప్పు, వచ్చి నీ కాళ్ళు పట్టుకుంటా."

"నేను హైదరాబాద్‌లో ఉన్నానమ్మా."

"హైదరాబాదా! కువైట్ హెల్మెట్టు మీద హైదరాబాదు నంబరెందుకంట?"

"కంపెనీ యూరప్ వాళ్ళది. పనివాళ్ళు కష్టం చెప్పుకోడానికి ఒక నంబరుండాలని అక్కడి చట్టం. ఎత్తేది మాత్రం ఇక్కడ మేము. నా పేరు ఉమారాణి. చెప్పండి, ఏమైంది?"

"అక్కా, ఫోనిటియ్యి, నేను చెప్త."

"నువ్వుండు లింగం."

"పక్కన ఎవరమ్మా?"

"లింగమని, మంగఫ్ క్యాంపులో మా తమ్ముని రూము పిల్లోడు. జగిత్యాలాయన."

"లింగమా? ఏ లింగం?"

"నేనే మేడం. మీ కంపెనీ సైటుల పనిచేస్త."

"ఆగండి... మంగఫ్ క్యాంపులో మాకు లింగం ఒక్కడే ఉన్నడు. ఆయన పైనుంచి పడి ఐసీయూల ఉన్నడు గదా!"

"ఐసీయూలో ఉండేది లింగం పేరు తల్లీ. పండుకోనుండేది మా సుధాకరు."

"అమ్మా..."

"నాకు జ్వరమొచ్చింది మేడం. రూముల ఒకనికి పానం బాగలేకుంటే ఇంకొకడు ఆని పాసు మీద పోతడు. లేకుంటే పేరు కొట్టేస్తరు. అందరం జేసేదే. దుమ్ముకు మొఖానికి గుడ్డ కట్టుకుంటం, గేటుకాడ ఎవడు జూడడు. నా పాసు సుధాకర్ మెడల ఉండె."

"సుధాకర్ వీసా ఎక్కడిది?"

"కబ్ద్‌లో తోట వీసా. తోటలో పని ల్యాదు, బయట చేసుకోపో అని వీసా ఇచ్చిన కఫీలే వదిలేసినాడు. నిన్న ఫోన్ చేస్తే, వాడు పారిపోయినాడని ఎప్పుడో కేసు పెట్టినా, ఖలాస్ అన్నాడు. మనుషుల్ని పంపే కంపెనీవాళ్ళు, మేము పంపింది లింగాన్ని అన్నారు. సైటు ఆఫీసులో, మాకు తెలీదు, పెద్దాఫీసును అడుగు అన్నారు. పెద్దాఫీసంటే నువ్వేనంట గదా!"

"నేనా! అమ్మా, నేను పెద్దాఫీసు కాదు. ఫోనెత్తే మనిషిని."

"ఎవురో ఒగురు గట్టిగా చెప్పు తల్లీ. ఆ మంచం మీద ఉండేది సుధాకరని."

"ఎందుకమ్మా అంత పట్టుదల? వైద్యం జరుగుతోంది కదా. పేరుతో ఏం పని?"

"పేరుతోనే పని! లోపల మలయాళం నర్సు చెప్పింది. 'లింగం, లింగం' అని చెవికాడ పిలుస్తాండారంట, కన్ను తెరవడంట, వేలు కదపడంట. యట్ల కదుపుతాడు? వాని పేరు కాదే! రేపు పెద్దడాక్టరొచ్చి ఇంకోసారి పిలిచి చూస్తాడంట. పలక్కపోతే లాభం ల్యాదని రాసి, ఊరికి విమానమెక్కిస్తారంట. విమానంలో వాడు బతకడు."

"మీరు లోపలికి వెళ్ళి పిలవండి."

"లింగానికి నువ్వేమైతావు అని గేటు కాన్నే ఆపేసినారు."

"నేను పోదామంటే, నేనే లోపల పండుకున్న. బయట ఎట్లుంట మేడం? ఊర్ల ముత్తెవ్వకు, నా పెండ్లానికి, నీ పెనిమిటి బతుకుడు కష్టమని ఎవరో ఫోన్ జేసిన్రట. నేను వీడియోల కనవడితే దయ్యమనుకొని ఫోనిసిరికొట్టింది."

"...ఆ ఫోన్ చేసింది నేనేనయ్యా."

"నువ్వా!"

"నాకేం తెలుసు? స్క్రీన్ మీద ఉన్నది చదివిన. ఆమె మొత్తుకుంటుంటే నాకు ఆ రోజు అన్నం సయించలే."

"నీకు దండం పెడతా పాపా, సుధాకర్ అని రాయి. ఎస్సు, యూ..."

"అమ్మా! ఆగండి. నేనింకా ఒక్కక్షరం కొట్టలేదు. ముందు వినండి. మీరు మాట్లాడేది తెలుగు. అక్కడివాళ్ళు చదివేది నేను ఇంగ్లీషులో రాసింది. నేను అబద్ధం రాయను. మీరు ఏం చెబితే అదే రాస్తా. అందుకని ఆలోచించి చెప్పండి. సరేనా?"

"నిజమే చెప్తాండా గదా!"

"మంచం మీద ఉన్నది లింగమైతే, మా మనిషి. మందులు, మిషను, ఆపరేషను అన్నీ మా ఇన్సూరెన్సే చూస్తది. సుధాకరైతే..."

"అయితే?"

"సుధాకర్ అనే మనిషి మా సైటులోకి రాలేదు. పడలేదు."

"పడలేదా? మరి ఆ నెత్తురెవురిది?"

"అమ్మా, మళ్ళీ మొదట్నుంచి అడుగుతున్న. మీరు లింగం గారి అక్క కదా?"

"కాదమ్మా! సుధాకరు అక్కను. ఎన్నిసార్లు చెప్పల్ల!"

"అమ్మా. లింగం గారి అక్క కదా మీరు?"

"చెవుడా పాపా నీకు?"

"అక్కా... అక్కా, ఆమెకు ఇనవడుతనే ఉన్నది. నీకే సమజైతలేదు. అవును అను."

"ఏమని? నా నోటితో నా తమ్ముణ్ణి కాదనమంటావా? వానికి పాలు మాన్పిచ్చింది నేను. మా అమ్మ పోయినాక..."

"కాదనకపోతే ఆ మిషను బంద్ జేస్తరు."

"నిన్ను కూడా అడగాలి లింగం గారూ. మీరు లోపలున్నంత కాలం బయట కనబడకూడదు. డ్యూటీ ఉండదు."

"కబ్ద్ తోటల సుధాకర్ జాగ ఖాళీ ఉన్నది గద మేడం. పని లేదన్నా బతిమాలి గొర్లు కాస్త. ముత్తెవ్వకు మాత్రం నువ్వే మల్ల ఫోన్ జేసి, నేను దయ్యం కాదని చెప్పు."

"చెప్తా. ...అమ్మా, ఉన్నారా?"

"నేను కువైట్‌కు బయల్దేరిన దినం వాడు అరుగు మీద నిద్రపోతాండె. లేపొద్దు, ఏడుస్తాడు అన్నారు. బస్సు కదిల్నాక తట్టుకోలేక కిటికీలోంచి ఒక్క కేక వేస్తి. నిద్రలోంచి లేచి బస్సెంట ఉరికొచ్చినాడు. నా గొంతు యింటే సచ్చినోడైనా లేస్తాడు పాపా వాడు."

"అక్క అయితే లోపలికి పంపమని నేను ఇప్పుడే మెయిల్ పెడతా. లింగానికి అక్క ఉందని మా దగ్గర రాసి లేదు, లేదని కూడా రాసి లేదు. మీ యాస కడప దిక్కుంది. పెండ్లి జేసి అటు దిక్కు ఇచ్చిన్రేమో మిమ్మల్ని."

"...ఇచ్చినారమ్మా. రాయచోటి దిక్కు."

"రాస్తున్న. ఇంకొక్కటే. ఇందాక సుధాకర్ అని ఒక పేరు చెప్పారు. ఆయన మీకేమైతడు?"

"లింగం, యట్ల చెప్పల్లరా ఈ మాట?"

"అమ్మా?"

"చెప్పక్కా. యల్లా, జల్ది చెప్పు."

"యేమీ కాడు. సుధాకరని నాకెవురూ ల్యాడు. రాసుకో తల్లీ, నేను లింగం అక్కను. నన్ను లోపలికి పంపేలోగా, పక్కనుండే నర్సమ్మకు ఒక్కమాట చెప్పమను. మా లింగాన్ని ఇంట్లో సుధా అని పిలుస్తాము. ఆ పేరుకైతేనే పలుకుతాడు."