చేప మొక్కుకి నా జుట్టు

మెల్లిగా అన్నా, మెల్లిగా! చెవి పక్కన జాగ్రత్త. మొక్కు నాది కాదు, చేపది. చేప మొక్కుకి నా చెవి ఎందుకు పోవాల?

అవునన్నా, చేపే. నీళ్ళలో ఈదే చేప. ఎందుకట్లా కత్తి ఆపేసినావు? నువ్వు గీస్తా ఉండు, నేను చెప్తా ఉంటా.

అదో, బయట నీడలో కూర్చోనుండాదే, పసుపు చీర, ఒళ్ళో ఫోటో... మా అమ్మ, కన్నియమ్మ. ఆ ఫోటోలో ఎవరనుకుంటా ఉండావు? మనవడా? మా ఇంటి చేప! ప్రింటు తీయించి, లామినేషన్ చేయించి, ఈ కొండమీద మురుగన్ స్వామికి చూపించను తెచ్చింది. మెట్లెక్కే జనమంతా "అయ్యో పాపం, ఎవరికమ్మా ఒళ్ళు బాగలేదు?" అని తొంగి చూసినారు. చూసి, నా మొకం చూసినారు. సిగ్గుతో చచ్చిపోయినా.

నా పేరు జయకుమార్. కింద బజార్లో చీరల కొట్టు నాది. మా నాయన నేసేవాడు. ఆయన పోయినాక మగ్గం ఎత్తేసి, గుంత పూడ్చి, ఆ జాగాలో సముద్రపు చేపల ట్యాంకు పెట్టినా. ఉప్పునీళ్ళు, నీలం లైట్లు, లోపల కోరల్. అదే, పగడాల చెట్లు మాదిరి ఉంటాయే, అవి. గోరంత ముక్క తెచ్చి చెయ్యంత పెంచినానన్నా! నా భార్య సుగంధి అంటాది, "నన్ను ఒక్కనాడన్నా ఇట్లా చూసుకున్నావా?" అని.

అందులోకి పట్టాభిరామ్‌లో వేల్‌మురుగన్ రంగుచేపల కొట్టు నుంచి ఎంపరర్ ఏంజెల్ అనే చేపని తెచ్చినా. అబ్బబ్బ, ఏం చేపన్నా! నీలం మీద పసుపు గీతలు, ఒక్క పోగు తప్పకుండా పడుగు పరిచినట్టు. ఎంపరర్ అంటే మహారాజంట.

మహారాజు తినలే.

కొత్త చోటుకొస్తే కొన్నాళ్ళు అట్లే ఉంటాదంట. "రొయ్యలు సన్నంగా తరిగి వెయ్యి సార్, వాసనకి అదే వస్తాది" అన్నాడు వేల్‌మురుగన్. "వెయ్యకపోతే ఆకలికి కోరల్ కొరికేస్తాది, చూసుకో" అని కూడా అన్నాడు. మంచి మాటే. యాడ వేసేది? నా మెడలో కావడి మాల! మురుగన్‌కి కావడెత్తే ఆడి నెల. మాల ఉన్నన్నాళ్ళు ఇంట్లోకి కోడిగుడ్డే రాదు, రొయ్య వస్తాదా? "ఇంట్లో ఉండే అందరికీ ఒకటే నియమం" అనేసింది అమ్మ. చేప ఇంట్లో ఉండాదా లేదా? ఉండాది. అయితే చేపకీ నియమమే!

ఇంక చేపకి అమ్మ వంట. పాలకూర ఉడకబెట్టి వేసింది. చూసి వెనక్కి పోయింది మహారాజు. బఠాణీలు తోలు తీసి వేసింది. నోట్లో పెట్టుకొని తుపుక్కున ఊసింది. ఒకనాడు చక్కెర పొంగలి పట్టుకొని వస్తా ఉంటే, అడ్డం పడి చేయి పట్టుకున్నా. అమ్మా, నీళ్ళన్నీ చెడిపోతాయి, నీకు దండం పెడతా అని!

నవ్వు, నవ్వు. కత్తి మాత్రం జారనీయొద్దు.

అసలు కత ఇప్పుడు. మా అమ్మ ఉండాదే, నాయన తినకముందు ఏనాడూ పళ్ళెం ముందర కూర్చోలేదు. నాయనేమో కోపగాడు. జరీ తెగితే చాలు, మగ్గం గుంతలోనే మూతి ముడుచుకొని ఉండిపోతాడు. ఈమె పళ్ళెం పట్టుకొని గట్టున నిలబడతాది. ఇట్లా ఎన్నేళ్ళో. ఇప్పుడు అదే జాగాలో ఈ చేప, అట్లే మూతి పెట్టుకొని. "ఈ మూతి నాకు తెలుసురా" అనింది.

అంతే! చేప తినిందాకా తనూ తినదంట.

కాఫీ తాగతాది. అన్నం ముట్టదు. ట్యాంకు ముందర పీట వేసుకొని చేపని తిడతాది. నాయన్ని తిట్టినట్టే! "ఎంతసేపయ్యా నీ పంతం? నాకు మోకాళ్ళు నొస్తా ఉండాయి. రా, రెండు మెతుకులు తిను" అని. చేప అద్దం కాడికి వచ్చి ఈమెనే చూస్తాది. సుగంధి వంటింట్లోకి పోయి కొంగు నోట్లో కుక్కుకొని నవ్వింది. ఆనక అక్కడే ఏడ్చింది.

పోనీలే అంటే మొక్కు మొదలుపెట్టింది. ముందు మచ్చకావడి అనింది. ఆ కాలంలో బతికిన చేపని చెంబులో పెట్టి కావడి కట్టుకొని కొండెక్కేవాళ్ళంట. మన చేపనీ అట్లా తీసుకోబోదామంట! అమ్మా, అది సముద్రం చేప, సగం మెట్లకే ప్రాణం పోతాదమ్మా అంటే, "అయితే నీ జుట్టియ్యి. చేప తింటే నీ తల మొట్ట కొట్టిస్తానని మొక్కుకుంటా" అనింది.

చేప తింటే నా జుట్టు! ఇదేం న్యాయమన్నా? కింద పడిండేది చూడు, ఎంత జుట్టో. మా వంశంలో ఈ వయసుకి ఇంత జుట్టు ఎవురికీ లేదు.

అయినా సరే అంటిని. ఎన్న పణ్ణ, ఏం చేసేది?

అప్పుడూ చేప తినలే. ఒకనాడు పూలు కోస్తా కోస్తా అమ్మ కళ్ళు తిరిగి కూలబడింది. డాక్టరు "ఏం తిన్నారమ్మా?" అని అడిగితే, "అది ఇంకా తినలేదు సార్" అనింది. డాక్టరు నన్ను చూసినాడు. నేను గోడని చూసినా.

భయం పట్టుకుందన్నా నాకు. నాయన పోయినప్పుడు కూడా అంత భయపడలే.

మర్నాడు పొద్దున చూస్తే కోరల్ కొసలు లేవు! "అమ్మా! తినింది! చేప తినిందమ్మా!" అని వీధంతా వినపడేట్టు అరిచినా. అమ్మ కళ్ళద్దాలు పెట్టుకొని చూసింది. ట్యాంకుకి దిష్టి తీసింది. నేరుగా వంటింట్లోకి పోయి రసమూ అన్నమూ కలుపుకొనింది. నేను వాకిలి పట్టుకొని ఒక్కో ముద్దా చూస్తా నిలబడినా.

సుగంధి ఊరకుంటాదా? ఫోన్లో చదివి, "అత్తా, కోరల్ రాయి కాదంట, చెట్టూ కాదంట, ప్రాణమున్న జీవమంట. చేప నీచు తినేసింది, నియమం చెడింది" అనింది. అమ్మ వేలు చూపించింది. పగడం ఉంగరం, అంగారక దోషానికని జోస్యుడు వేయించింది. "అంగారకుడికి దేవుడు మురుగన్, ఇది మురుగన్ రాయే. ఇన్నేళ్ళు వేలికి మాంసం తగిలించుకొని పూజ చేసినానా నేను? స్వామే తన పగడాన్ని ప్రసాదంగా పెట్టినాడు" అనింది.

దీనికి ఎవురు బదులు చెప్తారు? కొండమీద ఉండేవాడివి, నువ్వు చెప్పు. పగడం శైవమా, అదే, శాకాహారమా, నీచా?



తల వంచమంటావా? సరే. ఇట్లా వంచుకుంటే మొకం కనపడదు గదా, ఒక మాట చెప్పేస్తా.

చేప కొరకలేదన్నా. నేనే. అమ్మ పాలకి పోయిన సందులో, పట్టకారుతో. మెడలో మాల వేలాడతా ఉంటే, నేను పెంచిన కోరల్ని నా చేత్తోనే పుటుక్ పుటుక్ అని విరిచినా. చేప పక్కనే నిలబడి చూసింది. ముక్కల్ని తులసి మొదట్లో పూడ్చి దండం పెట్టినా. ప్రాణమున్నదంట గదా, మరి ఏం చేసేది?

ఆ దినం మొదలు రోజూ విరస్తా ఉండా. అమ్మ రోజూ తింటా ఉండాది. ఇంక కోరల్ మొద్దే మిగిలింది. అందుకే ఆడి కృత్తిక పండగ దాకా ఆగకుండా అమ్మని ఇయ్యాలే ఎక్కించినా. దర్శనం చేసుకొని మాల తీస్తే, నేరుగా రొయ్యల కొట్టుకే. రొయ్య వేస్తే తింటాదా? తెలీదు. తినకపోతే? ఆ, కోరలూ అయిపోయె, జుట్టూ అయిపోయె, ఇంక ఇచ్చేదానికి నాకాడ ఏముండాది?

అమ్మకి చెప్పొద్దన్నా, నీకు పుణ్యముంటాది. అదో చూడు, పొట్లం విప్పింది. పులిహోర. ముందు ఫోటోకి చూపించింది. ఇప్పుడు నోట్లో పెట్టుకొనింది.

చేప తినిందనేది అబద్ధం. అబద్ధం మొక్కుకి సగం గుండు చాలదా అని నిన్ను అడగొచ్చు. వద్దులే, మొత్తం గీసేయ్. మా అమ్మ తినింది నిజమే గదా.