కర్తని పిలవండి

కొవ్వూరు రేవులో పంతులుగారు దర్భలు సర్దుకుంటున్నారు. ఆవేళ రేవుకి వచ్చిన ఒకావిడ భర్త తద్దినం. విశాఖపట్నంలో చదువుతున్న ఒక్కగానొక్క కూతురు జుట్టు కత్తిరించుకుని పొద్దుటి బస్సుకి దిగింది. ఇద్దరూ మెట్ల మీద కూర్చున్నారు.

"డాక్టరుగారు ఏమన్నారే?"

"జబ్బు కాదన్నారమ్మా. ఒళ్ళు ఆడపిల్లదైనా మనిషి మగవాడు కావడం లోకంలో ఉన్నదేనట. ఎందుకలా అవుతుందో తెలుసుకుందామని శాస్త్రవేత్తలు మెదడు మీద పరిశోధనలు చేస్తున్నారట."

"తేలిందా?"

"ఇంకా లేదు. నాకు మాత్రం చిన్నప్పుడే తెలుసు, నేను అబ్బాయినని. ఓణీ వేసిన రోజు గాదె వెనక దాక్కున్నాను, గుర్తుందా?"

"లేకేం. సిగ్గుపడుతున్నావని చుట్టాలందరం మురిసిపోయాం."

"ఇప్పుడు నవ్వుతావేంటమ్మా?"

"మా తెలివికి నవ్వొస్తోంది. సరే, వాళ్ళకి తేలేదాకా మీ నాన్న పస్తుండాలా?"

"పెదనాన్నగారి అబ్బాయి వస్తాడుగా, పిండం పెట్టడానికి."

"రావద్దని నిన్ననే కబురు పెట్టాను. కన్నకొడుకుండగా అరువు కొడుకెందుకు?"

"నిన్ననా? డాక్టరుగారి మాట నీకింకా చెప్పందే?"

"నీ మాట మొన్న ఫోన్లో చెప్పావుగా."

"ఊళ్ళో నవ్వుతారమ్మా."

"ఇన్నేళ్లూ కొడుకు లేడని జాలిపడ్డారు. ఇప్పుడు కాసేపు నవ్వుకోనీ. పంచె కట్టుకోవడం వచ్చా?"

"రాదు."

"ఇలా లే. మీ నాన్న పంచె తెచ్చాను. ప్యాంటు మీదే బిగించేస్తాను, జారదు."

పంతులుగారు తలెత్తారు. "కర్తని పిలవండమ్మా."

ఆవిడ కొడుకు నడుం దగ్గర కుచ్చిళ్ళు దోపుతూ, "వస్తున్నాడండి, మా అబ్బాయే" అంది.