అన్నిటికీ సరే అన్నామె

2008 ఎండాకాలం. మేడ్చల్ బస్టాండు వెనక, రోగులకు కావలసిన సామాను ఆన్‌లైన్‌లో అమ్మే దుకాణం. మాట్లాడుతున్నది యజమాని మహేష్, ఆర్డరు పెట్టినవాళ్ళకు ఫోన్ చేసి ఖాయం చేసే జైనబ్. పొద్దుటి నుంచి ఆమె ఆయన ముఖం చూడకుండానే జవాబు చెబుతోంది.

"గట్ల గాదు. చక్రాల కుర్చీ కావాల్నా అని అడిగితే వద్దంటరు. వద్దనేటందుకు నువ్వే తొవ్వ జూపిచ్చినట్టయితది. ఏ రంగు కావాలె అని అడగాలె. ఎన్నిసార్లు చెప్పాలె జైనబ్ నీకు?"

"కాలు వోయినోళ్ళను ఏ రంగు అని ఎట్లడుగుత సార్?"

"నోటితోటి అడుగుతవ్. నీలమా, నల్లనా? నీలం అన్నడంటే కొన్నట్టే."

"మా అమ్మీ మంచంల వడ్డప్పుడు నన్నెవలన్న గట్లడిగితే ఫోన్ వెట్టేద్దును."

"మీ అమ్మీ మన గిరాకి గాదు. మన గిరాకి ఎవడో తెల్సా? పరేషాన్ల ఉన్నోడు. పరేషాన్ల ఉన్నోడు ధర జూడడు, బేరం జెయ్యడు. గందుకే గీ ధందా వెట్టిన. చీరలమ్మేటోనికి ఏడిదీ సుఖం?"

"సుఖమే మరి."

"ఏందీ?"

"ఏం లేదు. చెప్పుండ్రి."

"సైట్ల మూడు కుర్చీలు ఎందుకు వెట్టిన నేను?"

"అమ్మనీకి."

"మధ్యది అమ్మనీకి. మొదటిది జూస్తే ఇనుప ముక్క లెక్క కొడ్తది. ఆఖరుది ధర జూస్తేనే చెమటలు వడ్తయ్. మధ్యది జూసి, హమ్మయ్య, ఇది నయం అనుకుంటరు. ఆఖరు కుర్చీ మన గోదాంల లేనే లేదు, తెల్సా నీకు?"

"తెల్సు. అల్వాల్ నుంచి ఒకాయన అదే కావాలన్నడు. నిన్ననే అయిపోయిందని అబద్ధం చెప్పిన."

"అబద్ధం గాదది, టెక్నిక్. బెంగళూరు దాక వోయి క్లాసుల కూసోని నేర్సుకొచ్చిన."

"రెండే మిగిలినయ్, జల్దీ కొనుండ్రి అని ఎర్ర అక్షరాలు మెరుస్తయి గదా సైట్ల. గోదాంల కాలు వెట్ట సందు లేదు. అది గూడ క్లాసుల చెప్పిందేనా?"

"ముందుగాల చెప్పిందే అది."

"ఇది కొన్నోళ్ళు ఇది గూడ కొన్నరు అని రాసిండ్రు. ఎవలు కొన్నరు సార్? సైటు తెరిసిన దినం నుంచే ఉన్నది ఆ మాట. అప్పటికి మనకు ఒక్క గిరాకి గూడ లేకుండె."

"నీకు నవ్వులాటగుందా?"

"నాకెందుకు నవ్వొస్తది? కుత్బుల్లాపూర్ కంపెనీల పనిచేసేటాయన మొన్న లొల్లి వెట్టిండు నాతోటి. వారంటీ నేనడగలే, బిల్లుల ఎందుకు ఏసిండ్రు అని. సైట్ల వారంటీ డబ్బాల టిక్కు ముందుగాలనే వెట్టుంటదని ఆయనకేం తెల్సు? తిట్లు తిన్నది నేను."

"తీసేసుకోవచ్చు గదా ఆయన టిక్కు."

"కనవడాలె గదా. చీమ తలకాయంత రాసిండ్రు."

"సరె, సరె. నువ్వు నాకు పాఠం చెప్పకు. అసలు ముచ్చటకు వస్త. నిన్నటి పెద్ద ఆర్డరు. మచ్చ బొల్లారం, గాలయ్య పేరు మీద. మాట్లాడింది నువ్వే గదా?"

"ఏది?"

"ఎంతమంది గాలయ్యలున్నరు మనకు? సైట్ల కుర్చీ ఒక్కటే బుక్ జేసిండు. నువ్వు ఫోన్ వెట్టేసరికి కుర్చీ, వాకరు, గాలి పరుపు, స్నానం కుర్చీ, బీపీ మిషిని. ఆఖరికి కాళ్ళు పిసికే మిషిని. ఈ నెల ఎట్ల గడుస్తదా అని నేను తలకాయ వట్టుకొని కూసున్న. దుకాణం తెరిసినంక గిసుంటి ఆర్డర్ రాలే."

"ఆ. మాట్లాడిన."

"మరి మూతి ముడుస్తవేంది? శభాష్ అంటున్న నిన్ను. రేపు కొత్త పోరిలు వస్తరు, వాళ్ళకు నువ్వే చెప్పాలె. మొదటి నుంచి చెప్పు నాకు. ఎట్ల పడేసినవ్ ఆ గాలయ్యను?"

"పడెయ్యలే సార్. మీరు రాసిచ్చిందే చదివిన. మాట్లాడింది గాలయ్య గాదు. ఆయన పక్కింటాయన, ఇంట్ల కంప్యూటర్ ఉందని ఆయనతోటి బుక్ జేయించిండ్రు. ఫోన్ల మాట్లాడింది ఒక పెద్దమ్మ. మొగనికి షుగరు. కాలు తీసేసిండ్రట మోకాలి కిందికి."

"మంచిగున్నది."

"ఏం మంచిగున్నది సార్?"

"ఆడామె. మొగడు మంచంల. గంతకంటె మంచి గిరాకి ఏడ దొరుకుతది? ఊఁ, తర్వాత?"

"గాలి పరుపు లేకుంటే వీపుకు పుండ్లయితయి, పుండ్లయితే పురుగులు వడ్తయని చెప్పిన."

"పురుగుల ముచ్చట గూడ చదివినవా? నువ్వు ఎప్పుడు ఎగ్గొడ్తవ్ గది."

"మొన్న మీరు తిట్టిండ్రు గదా. చదివిన."

"సరే అన్నదా?"

"సరే బిడ్డా, రాసుకో అన్నది."

"వాకరుకు?"

"సరే అన్నది."

"దేనికన్న వద్దన్నదా? ధర అడిగిందా? తగ్గించుమన్నదా?"

"లేదు. అన్నిటికి సరే అన్నది."

"కాళ్ళు పిసికే మిషినికి గూడ?"

"అది రెండు కాళ్ళు వెట్టే మిషిని సార్. ఒక్క కాలే ఉన్నదాయనకు."

"సరే అన్నదా లేదా?"

"అన్నది."

"గొర్రె. గొర్రెను సుత తోలుకవోతుంటే ఒక్కసారన్న వెనుకకు గుంజుతది. గీమెకు గది గూడ శాతగాలే. గిసుంటోళ్ళు వీధికొకలు దొరికితే సాలు, మనం బంజారాహిల్స్‌ల కూసోవచ్చు."

"ఆమెను ఏమనకుండ్రి సార్."

"ఏమన్న? గొర్రె అన్న. ఔటర్ రింగ్ రోడ్డుకు భూమి వోయినోళ్ళయి ఉంటరు. ఊరికె వచ్చిన పైసలు ఊరికె వోతయి. పోనీ, మన దిక్కు వస్తున్నయ్ గదా."

"కిరాయింట్ల ఉన్నరు."

"నీకెట్ల ఎరుక?"

"మాటల్ల చెప్పింది."

"నీతోటి ముచ్చట వెట్టిందంటే మెత్తటి మనిషన్నట్టు. జూడు, ఈ సామాను నేనే తీస్కవోత. ఇంటికి వోతే లెక్కనే వేరు. లోపలికి వోంగనే, అయ్యో పెద్దమనిషీ, ఈ మంచం మీద ఎట్ల పంటున్నవే అనాలె. తల దిక్కు లేసే మంచం ఒకటి గోదాంల వడి ఉంది గదా, గదాన్ని నెట్టేసి వస్త."

"మీరు వోవద్దు."

"ఎందుకు?"

"ఎప్పుడు వ్యాన్ల కుర్మయ్య వోతడు గదా. ఆయనను వోనియ్యుండ్రి."

"కుర్మయ్యకు నోరేడిది? సామాను దించుతడు, సంతకం తీస్కుంటడు, వస్తడు. మంచం ఆయన అమ్ముతడా?"

"గీ ఎండల మీకెందుకు సార్."

"నా ఎండ సంగతి నీకెందుకు?"

"ఈ ఆర్డర్ మీద నాకు కమీషన్ వద్దు. రాసుకోకుండ్రి. మీరు మాత్రం వోవద్దు."

"కమీషన్ వద్దా? ఏందమ్మా కథ? దొంగ ఆర్డరా?"

"గాదు."

"నీ సుట్టాలా?"

"నా సుట్టాలు గాదు."

"మరి ఎవలు?"

"చెప్పనని మాటిచ్చిన ఆమెకు."

"జీతం ఇచ్చేది నేను, మాటిచ్చేది ఆమెకా? ఫోన్ ఇటు తే. నంబరు ఉంది గదా, నేనే మాట్లాడ్త. స్పీకర్ల వెడ్త, ఇను, మంచం ఎట్ల అమ్మాలెనో నేర్సుకో."

"ఫోన్ చెయ్యకుండ్రి సార్."

"చెయి తియ్యి."

"సార్. ఆమె పేరు పద్మమ్మ."

"ఏ పద్మమ్మ?"

"అన్ని రాసుకున్నంక నన్ను అడిగింది. మహేష్ మంచిగున్నడా బిడ్డా, యాల్లకు తింటున్నడా, కడుపుల మంట తగ్గిందా అని. మీరు ఆమెకు ఏమయితరు అన్న. మరిది అన్నది."

"నా వదిన బొల్లారంల ఎందుకుంటది? షామీర్‌పేటలనే ఏడన్న ఉంటది."

"ఉండెనట. అన్నదమ్ముల పంచాయితీల ఆడి ఇల్లు మీ పాలుకొచ్చింది గదా. అప్పటి సంది బొల్లారంలనే ఉన్నరట."

"కాలు తీసేసింది అన్నకా?"

"ఆ."

"బాలమల్లన్నకు?"

"చలికాలంల తీసిండ్రట సార్."

"నాకెవలు చెప్పలే."

"మీ అన్ననే చెప్పొద్దన్నడట."

"చెప్పొద్దన్నోడు నా దుకాణంలనే ఎందుకు కొన్నడు? సికింద్రాబాద్‌ల లెవ్వా దుకాణాలు? సిగ్గు తియ్యనీకి. గదే. రేపు నలుగుట్ల చెప్పుకుంటడు, తమ్ముడు నా కాలు మీద గూడ లాభం దీసిండని. నాకు తెల్వదా ఆయన సంగతి? చిన్నప్పటి సంది గంతే. మంచోడు అనిపిచ్చుకునుడు ఆయనది, బద్నాం నాది."

"గట్లనలే సార్ వాళ్ళు."

"నువ్వూకో. నీకు మా వదిన తెల్వదు. మూడుసార్లు బేరం చెయ్యకుంట, కొసరు వెట్టిచ్చుకోకుంట ఆకుకూర కొనదు. గసుంటిది ఒంటికాలు మనిషికి కాళ్ళు పిసికే మిషిని కొంటదా? కొన్నదంటే ఏదో కడుపుల వెట్టుకొనే కొన్నది."

"గదే నేను గూడ అడిగిన. మీ వదిన అని తెల్సినంక నాకు మనసున వట్టలే. పెద్దమ్మా, కుర్చీ ఒక్కటి ఉంచుత, మిగిలినయన్ని కొట్టేస్త, మీకు పనికిరావు అన్న."

"ఏమన్నది?"

"కొట్టేయొద్దన్నది."

"ఎందుకు?"

"మీ అన్న పక్కలనే కూసున్నడట. ఫోన్ రాకముందే చెప్పి వెట్టిండట. ఆ పిల్ల ఏదమ్మితే అది కొను పద్మా, దేనికి వద్దనకు, తమ్మునికి దుకాణం నడుస్తలేదంట అని."