జామిత్రం

షామ్‌బర్గ్‌లో ఒక ఫిబ్రవరి ఆదివారం మధ్యాహ్నం, 1985. బయట మంచు. లివింగ్ రూములో నరసింహ, ఏడో క్లాసు చదివే కూతురు రేణు, పట్టుచీరల సూట్‌కేస్ మూత మీంచి చెయ్యి తియ్యని వసుమతి.

“ఇందులో చీరలు తప్ప ఏం లేవండీ. చెప్తే వినరేం?”

“మన జాతకాలు ఇందులోనేగా పెట్టావ్ వసూ? పసుపు రాసిన కాగితాలు.”

“ఉన్నాయేమో. లేవేమో. గ్రీకు హోంవర్కుకీ మన జాతకాలకీ ఏం సంబంధం? రేణూ, నీ ఫ్రెండ్ ఏదో పట్టుకెళ్తోందన్నావ్?”

“ఆలివ్ ఆయిల్.”

“అయితే నువ్వు కొబ్బరినూనె పట్టుకెళ్ళు.”

“అమ్మా! అది గ్రీక్ కాదు!”

“నూనేగా?”

“నో అమ్మా. గ్రీక్స్ దగ్గర్నుంచి వచ్చింది ఏదైనా మీ ఇంట్లో ఉంటే తెమ్మంది టీచర్. కెవిన్ ఏమన్నాడో తెలుసా? రేణు ఇంట్లో ఏం ఉండదు, వాళ్ళు ఇండియన్స్ అన్నాడు. క్లాసంతా నవ్వారు.”

“నవ్వారా? రేపు చూద్దాం ఎవరు నవ్వుతారో. విను రేణూ. అలెగ్జాండర్ వెనక్కి వెళ్ళిపోయాడు గానీ గ్రీకులందరూ వెళ్ళిపోలేదు. కొందరు అఫ్ఘానిస్తాన్ వైపు బాక్ట్రియాలో, గాంధారంలో రాజ్యాలేలారు. ఇంకొందరు మిరియాల కోసం ఓడలేసుకుని వచ్చారు. మనవాళ్ళు వాళ్ళని యవనులన్నారు. వస్తూ వస్తూ వాళ్ళ గ్రహాల లెక్క కూడా పట్టుకొచ్చారు.”

“ఇవన్నీ మీకెలా తెలుసండీ? మీరు చదివింది కెమిస్ట్రీ కదా.”

“నిన్న రేణు లైబ్రరీలో తన పుస్తకాలు చూసుకుంటుంటే, మూడు గంటలు ఇదే చదివాను.”

“నాకు డ్రైవింగ్ వస్తే నేనూ వచ్చేదాన్ని. ఆరేళ్ళ నుంచి నేర్పమంటున్నాను.”

“వచ్చే సమ్మర్‌లో వసూ. మంచు కరగనీ.”

“పోయిన సమ్మర్‌లో మంచు లేదుగా?”

“అమ్మా, నాన్నని చెప్పనీ!”

“హా. హోర అంటే ఏంటో చెప్పు రేణూ.”

“హోర… అవర్?”

“అదే. గ్రీకు మాట. మరి కేంద్రం?”

“సెంటర్. వెయిట్. సేమ్ వర్డా?”

“సేమ్ వర్డ్. వాళ్ళు కెంత్రోన్ అంటే మనం కేంద్రం అన్నాం. ఇప్పుడు అసలుది. జామిత్రం.”

“జా… డయామీటర్? నాన్నా, అది మా జామెట్రీ క్లాసు!”

“మన జాతకం కూడా. చక్రంలో లగ్నం మొదటి ఇల్లు. అక్కణ్ణుంచి డయామీటర్ గీస్తే సరిగ్గా ఎదురుగా వచ్చేది ఏడో ఇల్లు. దాని పేరే జామిత్రం. పెళ్ళి సంగతి చెప్పే ఇల్లు.”

“మనవాళ్ళు గ్రీక్స్‌ని కాపీ కొట్టారా?”

“నేర్చుకున్నారు. యవనులకి ఈ విద్య బాగా వచ్చని మన పెద్దవాళ్ళే రాసుకున్నారు. గొప్పవాళ్ళు కాబట్టి ఒప్పుకున్నారు. ఏదీ, వసూ, చెయ్యి తియ్యి.”

“ఆ మూడు మాటలూ కాగితం మీద రాసుకెళ్తే చాలదా? జాతకం నలుగురిలో పెడితే దిష్టి.”

“షామ్‌బర్గ్‌లో తెలుగు చదివేదెవరు?”

“మీరు చదువుతారుగా!”

“ఏంటీ?”

“ఏం లేదు. టీ పెడతాను.”

“దొరికింది! చీర మడతలో ఉంది. వ… సు… మ… తి. అమ్మా, నీదే! టైమ్ కూడా ఉంది నాన్నా. ఎనిమిది… పది నిమిషాలు.”

“సరిగ్గా చదువమ్మా. ఆరు అయ్యుంటుంది. మీ అమ్మ ఏలూరు జూట్ మిల్లు ఆరింటి కూతతో పాటు పుట్టింది. అమ్మమ్మ నాకు లక్షసార్లు చెప్పారు.”

“ఎనిమిదే నాన్నా. చూడు.”

“ఏలూరులో చాలా కూతలు వేస్తారండీ.”

“ఎనిమిదీ పదికి కూడానా?”

“టీలో అల్లం వెయ్యనా?”

“వసూ.”

“యాలకులైతే అయిపోయాయి.”

“వసూ, ఇలా వచ్చి కూర్చో.”

“మా నాన్న మార్పించారు. రెండు గంటలు. చాలా?”

“వై? రెండు గంటలకి ఏమవుతుంది అమ్మా?”

“రెండు గంటలకి లగ్నం ఒక ఇల్లు జరుగుతుంది. ఏడో ఇంట్లో ఉన్న కుజుడు ఆరో ఇంట్లోకి పోతాడు.”

“కుజుడు ఎవరు?”

“మార్స్ రేణూ. గ్రీకులకి ఏరీస్.”

“గాడ్ ఆఫ్ వార్! మ్యారేజ్ ఇంట్లోనా? కూల్!”

“ఏం కూలే నీ మొహం. ఆయన అక్కడ కూర్చుంటే మొగుడికి గండం అంటారు, మగాడి జాతకంలో అయితే పెళ్ళానికి. పెళ్ళికొడుక్కీ అక్కడే ఉంటే ఆ రెండూ సరిపోతాయి, దోషం పోతుంది. మీ నాన్న జాతకంలో లేడు. ఎమ్మెస్సీ చదివిన సంబంధం, వాళ్ళింట్లో మొట్టమొదటి డిగ్రీ. మా నాన్న వదులుకోలేకపోయారు.”

“మీ నాన్నేనా?”

“నేనూ. ఫొటో చూశాగా.”

“అంటే… రోజూ ఆఫీస్‌కి చేరగానే ఫోన్ చేయమనేది ఇందుకా?”

“పద్నాలుగేళ్ళుగా ఇదే బెంగ. ఇక్కడ మంచు పడితే రెండుసార్లు ఫోన్. హైవే మీద యాక్సిడెంట్ అని టీవీలో చెప్తే చాలు, నా ప్రాణం… మీరు నవ్వుతున్నారేంటండీ? నేను ఏడవబోతుంటే నవ్వుతారేంటి?”

“నవ్వట్లేదు.”

“నవ్వుతున్నావ్ నాన్నా.”

“కెమిస్ట్రీ చదివినవాణ్ణి, ఇవన్నీ నమ్మనని మీరు ఊరంతా చెప్పుకుంటారు. మీకు నవ్వులాటే.”

“సో అమ్మది ఫేక్. నాన్నా, అయితే నీది తీసుకెళ్తా. ఇదే కదా, కింద ఉంది?”

“అది… వద్దమ్మా. అమ్మదే తీసుకెళ్ళు. మాటలు ఎలాగూ గ్రీకువే కదా.”

“మీదెందుకు వద్దు?”

“కాగితం చిరిగిపోయింది.”

“బాగానే ఉంది నాన్నా. లామినేట్ చేసినట్టుంది.”

“ఏమండీ. మీ చెవులు ఎర్రబడ్డాయి. మీదెందుకు వద్దు?”

“వసూ, నీకు ఈ ఆరేళ్ళూ డ్రైవింగ్ ఎందుకు నేర్పలేదనుకున్నావ్?”

“బద్ధకం.”

“భయం. లే, కోటు వేసుకుని కారు తాళాలు తీసుకో. మా నాన్న కూడా నా కుజుణ్ణి ఏడో ఇంట్లోంచే ఖాళీ చేయించాడు.”