నడుమ జరిగిన కథ

2021 ఏప్రిల్, సూరత్‌లోని డిండోలి. కరోనా సోకిన కూతురు గదిలో ఉంది. తండ్రి తలుపు బయట కూర్చున్నాడు.

“ఏం ఆడుతున్నవ్ బిడ్డా?”

“అమ్మతోని చూసినం గద బాపు, అంతరిక్షం ఓడ సినిమా. దాని గేమ్.”

“అండ్ల కెప్టెన్ సచ్చిపోయిండు గద?”

“రెండో సినిమాల సచ్చిపోయిండు. ఈ గేమ్ రెండు సినిమాల నడుమ జరుగుతది. ఇండ్ల బతికే ఉన్నడు.”

“గేమ్ చేసినోళ్లు ఊకె అల్లిండ్రేమో. అసలు కథల లెక్కకొస్తదా?”

“వస్తది. సినిమావోళ్లే ఒప్పుకున్నరు. ఆఖరికి ఏమైందో మారదు గానీ, అప్పటిదాక ఆయన ఎట్లున్నడో తెలుస్తది.”

తండ్రి తలుపుకు తల ఆనించాడు.

“బాపు, అమ్మ దవాఖానల కన్ను మూసిందని చెప్పినవ్. ఇంట్లకెల్లి పోయినంక ఎట్లున్నదో చెప్పలే.”

“నీకు పానం బాగలేదని చెప్పలే బిడ్డా.”

“ఇప్పుడు చెప్పు.”

“ఆటోల నా భుజం మీద తల పెట్టుకున్నది. ఉధ్నా దాటేదాక నీ ముచ్చటే. మగ్గాల సప్పుడు లేకుంటే చిన్నప్పుడు నువ్వు పండకపోతుంటివంట. అది చెప్పుకుంట నవ్వింది.”

లోపల గేమ్ చప్పుడు ఆగింది. కూతురు తలుపు దగ్గరికి వచ్చి కూర్చుంది.

“నవ్విందా బాపు? ఇంకేమన్నది?”