మూడో పిలుపు

రండమ్మా, దగ్గరికి జరగండి. కాఫీ చల్లారితే చల్లారింది అమ్మాయీ, ఇటు కూర్చో. స్టావ్రియానీ గురించి అడిగావు కదూ? మా మానీ సీమ ఊళ్లన్నిటికీ శవం దగ్గర ఏడుపుపాట ఎత్తుకునేది ఆవిడే. ఒక్క మాట పట్టుకుని తిప్పి తిప్పి అనేదా, రాళ్లు కూడా ముక్కు చీదేవి. మా ఆయన అనేవాడు, "ఆవిడ నా శవం దగ్గర పాడితే నాకే ఏడుపొస్తుందే" అని. పాడింది. ఆయన మాత్రం ఏడవలేదు, పాపం. ఆఁ, ఏమంటున్నాను?

మా పాటకో కట్టడి ఉంది. పోయినవాళ్లని "లే" అని రెండుసార్లే పిలవాలి. మూడోసారి "పడుకో" అనాలి. చచ్చినవాళ్లని లేపడం ప్రభువు పని. మనం మూడోసారి పిలిస్తే లేస్తారు గాని, లేచేది మనవాళ్లు కారు. అలా చెప్పి సిలువ వేసుకునేది మా అమ్మమ్మ.

సముద్రపొడ్డు రాతిగుంటల్లో ఉప్పు ఏరే లియాకోస్ బండ మీంచి జారిపడి పోయాడు. పంతొమ్మిదేళ్లు. పట్టపగలు, గుమ్మంలో ఎండ. తలాపున వాళ్లమ్మ కల్లిరోయీ, కాళ్ల దగ్గర నేను, అప్పటికి ఆ ఊరికి కొత్తకోడల్ని. స్టావ్రియానీ ఎత్తుకుంది: "లే నాయనా, ఉప్పు తెల్లబడింది. లే నాయనా, తల్లి నల్లబడింది."

అంతే. మొహం మీది గుడ్డ నోటి దగ్గర లోపలికి పీల్చుకుపోయింది. ఈ కళ్లతో చూశాను. గాలి లేదు, కొవ్వొత్తి కదల్లేదు.

కల్లిరోయీ కూడా చూసింది. "ఇంకొక్కసారి అనవే, నీ కాళ్లు మొక్కుతా!"

"వద్దే తల్లీ, వచ్చేది నీ కొడుకు కాదు."

"ఏదొచ్చినా సాకుతాను! నీకు పిల్లలుంటే తెలిసేది, గొడ్డుదానా!"

కల్లిరోయీ తానే పిలవబోయింది. మాట పెదవి దాటకముందే స్టావ్రియానీ అరచేత్తో ఆ నోరు మూసేసింది. కొరికిందమ్మా కల్లిరోయీ, ఎముక తగిలేదాకా! రక్తం మోచేతికి కారుతోంది, అక్కడ గుడ్డ పైకీ కిందికీ ఆడుతోంది. ఈవిడ ఆ చెయ్యి అలాగే ఉంచి, రెండో చేత్తో ఆ తల్లిని గుండెకి పొదువుకుని, "పడుకో నాయనా, పడుకో, పడుకో" అంటూనే ఉంది, ఉయ్యాల ఊపుతున్నట్టు. గుడ్డ నెమ్మదించింది. ఆగింది. అప్పుడు వదిలాయి ఆ తల్లి పళ్లు. అప్పుడొచ్చింది ఏడుపు.

ఆ పాటలన్నీ మర్చిపోయినా ఫరవాలేదు. ఇదొక్కటి గుర్తుంచుకోండి: కొరికినా చెయ్యి తియ్యలేదు. రేపు మీ ముందు ఎవరైనా దుఃఖంతో అలా అయిపోతే, మీరూ తియ్యకండి.